ఎర్రచందనం బొమ్మ ఖరీదు

“చాలించమ్మా. ఇంక అరగదీయబాక.”

మగ్దలీనమ్మ ఆ మాట అనడం తెల్లవారినప్పటినుంచీ ఎన్నోసారో ఆమెకే తెలియదు. కోడలు జయశీల తల ఎత్తలేదు. వంటింటి గడప దగ్గర కూర్చుని, సానమీద రెండు చుక్కల నీళ్ళు చిలకరించి, ఎర్రటి చెక్కబొమ్మ పాదాన్ని దానిమీద గుండ్రంగా తిప్పుతూనే ఉంది. సాన ఎర్రబడింది. ఆమె వేళ్ళూ ఎర్రబడ్డాయి.

ఒళ్ళో హెబ్రోను కళ్ళు సగం మూసి పడి ఉన్నాడు. ఇంకా ఏడాది నిండని పిల్లవాడు. చెవి కింద వాపు నిన్నటికంటే పెరిగింది. ఒళ్ళు కాలిపోతోంది. నిన్న సాయంత్రం నుంచి తాగిన పాలు తాగినట్టే కక్కేస్తున్నాడు.

“నీకే చెప్పేది జయశీలా.”

“ఎందుకు చాలించాలత్తా?” జయశీల గంధాన్ని వేలితో కూడదీసి బిడ్డ చెవి కింద పట్టు వేసింది. “ఊరంతా చెప్పుకుంటా తిరిగింది మీరే గదా. మా అబ్బయ్య బిడ్డకు ఎర్రచందనం బొమ్మ కొనిచ్చినాడు, ఇందుకూరుపేటలో పెద్దిళ్ళల్లో కూడా అట్టాంటిది లేదని. ఇప్పుడు అక్కరకొచ్చిన రోజున అరగదీయొద్దంటారా?”

“బిడ్డ కక్కతా ఉండాడు. ఆ గంధం పొట్టకు పడలేదేమో.”

“ఎర్రచందనం పడకపోయేదేంది? మా అమ్మ మా అందరికీ అదే పెట్టి పెంచింది. వాపొస్తే పట్టు, జ్వరమొస్తే చనుబాలల్లో ఒక చుక్క. మాలో ఎవరికన్నా ఏమన్నా అయిందా?”

“నెల్లూరు ఆస్పత్రికి తీసకపోదాం తల్లీ.”

సానమీద బొమ్మ ఆగింది. జయశీల అత్త ముఖంలోకి మొదటిసారి చూసింది.

“పుష్పను తీసకపోలేదా?”

అంతే. ఆ పేరు వచ్చాక ఆ ఇంట్లో ఇంక ఎవరూ మాట్లాడరు. పుష్పకుమారి మగ్దలీనమ్మ కొడుకు సమాధానానికీ జయశీలకూ మొదటి బిడ్డ. నడక కూడా రాకముందే జ్వరంతో ఆస్పత్రికి వెళ్ళి, అక్కడినుంచి తెల్లగుడ్డలో చుట్టుకుని తిరిగి వచ్చింది. అప్పటినుంచి జయశీల ఆస్పత్రి మెట్టు ఎక్కలేదు. హెబ్రోనును కూడా ఇంట్లోనే కన్నది.

ఆ బొమ్మ కావాలని అడిగింది కూడా అందుకే. “మా అమ్మకాడ ఉన్నట్టు ఒక ఎర్రచందనం బొమ్మ ఇంట్లో ఉంటే చాలు, నా బిడ్డను నేను కాపాడుకుంటాను” అని మొగుడి దగ్గర ఏడ్చింది. సమాధానం గూడూరు రైల్వేలో గ్యాంగుమన్. సైకిలు కొనుక్కోవాలని దాచుకున్న డబ్బంతా తెచ్చి తల్లి చేతిలో పోశాడు. “అమా, బొమ్మలు చేసే మౌలాకాడికి పోయి అసలైనది చూసి తీసకరా. ఖరీదుకు వెనకాడబాక” అన్నాడు. సైకిలు లేకుండానే నడుస్తున్నాడు, ఇప్పటికీ.

మగ్దలీనమ్మ వెళ్ళింది. మౌలా రెండు బొమ్మలు ముందు పెట్టాడు. రెండూ ఒకే పోలిక, ఒకే ఎరుపు. “ఇది అసలు చెక్క అక్కా. ఇది మామూలు కొయ్య, రంగులో ఉడకబెట్టింది. అలమారలో పెట్టి చూసుకునేదానికే గానీ బిడ్డ నోట్లోకి పోనీయబాకండి” అని ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. రెండింటి ఖరీదుకూ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ఎంతసేపు చూసినా ఆమెకు ఆ తేడా బొమ్మలో కనపడలేదు. చెక్కముక్కకు అంతా? రెండునాళ్ళు ఆడుకుని మూలకు విసిరేసేదానికి? మొగుడు పోయాక గంజినీళ్ళతో కొడుకును పెంచిన మనిషి ఆమె. చెయ్యి దానంతటదే రంగుబొమ్మ మీదికి పోయింది.

మిగిలిన డబ్బు కొడుక్కి తిరిగి ఇచ్చేద్దామనే అనుకుంది. నిజంగానే అనుకుంది. అయితే ఆ ఆదివారమే గుడిలో కోతపండగ వచ్చింది. అందరూ తెచ్చిన కూరగాయలూ కోళ్ళూ వేలం వేస్తున్నారు. ఒక గుమ్మడికాయ దగ్గర ఉపదేశి జీవానందం భార్య పాట పెంచి, వెనక్కి తిరిగి మగ్దలీనమ్మను చూసి నవ్వింది. ఆ నవ్వు ఏళ్ళతరబడి చూస్తున్నదే. మగ్దలీనమ్మ కొంగుముడి విప్పింది. పాట మీద పాట పెరిగింది. చివరకు పాస్టరు అయ్యగారు “సమాధానం తల్లిగారు” అని పేరు పెట్టి చదివితే గుడంతా వినపడింది. చెక్కబొమ్మకు దండగ అనుకున్న ఖరీదును మహాతల్లి గుమ్మడికాయకు పెట్టి ఇంటికి తెచ్చుకుంది. దేవుని సొమ్ము దేవునికే పోయిందిలే అని సర్దుకుంది గానీ, దేవుడు ఆమెను గుమ్మడికాయ అడగలేదు.

ఇప్పుడు ఆ నిజాన్ని మింగలేదు, కక్కలేదు. నిన్న బొమ్మను తవుడు కుండలో దాచిపెట్టింది. జయశీల వెతికి తీసి, “నా బిడ్డ బాగుపడటం మీకు ఇష్టం లేదా అత్తా?” అంది. ఆ మాట మగ్దలీనమ్మకు ఇంకా గుండెలో కలుక్కుమంటూనే ఉంది.

జయశీల మిగిలిన గంధంలో నాలుగు చుక్కల పాలు పిండింది. ఉగ్గుగిన్నె బిడ్డ పెదాలకు ఆనించింది. హెబ్రోను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె బుజ్జగించి మళ్ళీ పట్టింది.

మగ్దలీనమ్మ చూడలేక లేచి బయటికి నడిచింది.

*

మౌలా తన వాకిట్లో కూర్చుని ఏదో గిలక్కాయకు నునుపు పెడుతున్నాడు. భార్య జమాల్‌బీ చాటలో బియ్యం ఏరుతోంది.

“మౌలా, అసలు బొమ్మ కావాల. ఇప్పుడే.”

“రాండక్కా, కూచోండి. అసలుది యాడుండాది? ఉన్నింది ఒక్కటే. మీరు వద్దని పొయినాక బుచ్చిరెడ్డిపాళెం వాళ్ళొచ్చి తీసకపొయినారు.”

“ఇంకోటి చేసీ. రేపటికి చేసీ. ఖరీదెంతైనా ఇస్తాను.”

“చెక్క రావాల గదక్కా. ఫారెస్టువాళ్ళు కొట్టనీయడం లేదంట, కొండమింద నుంచి ముక్క దిగలేదు.” మౌలా చేతిలో పని ఆపాడు. “మొన్న అంత దూరం ఆలోచించి చవకది తీసకపొయినారు. ఇప్పుడు ఖరీదెంతైనా అంటారేంది?”

జమాల్‌బీ చాట కింద పెట్టింది.

“వదినా, బిడ్డ నోట్లో పెట్టుకున్నాడా?”

“మా కోడలు నాలుగు దినాలుగా అరగదీసి పెడతా ఉంది. పాలల్లో కలిపి.”

“యా అల్లా,” అంది జమాల్‌బీ మెల్లగా.

మౌలా లేచి నిలబడ్డాడు. తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. “నేనొచ్చి చెప్తాను అక్కా. ఆ రంగు గుడ్డలకేసే రంగు. నేను నోరు తెరిచి చెప్పినాను గదా మీకు.”

“వద్దు మౌలా. నీకు దణ్ణం పెడతాను. మా ఇంటికి రాబాక.”

“మరెవరు చెప్తారు?”

“అసలు చెక్క చిన్న ముక్కైనా ఉంటే ఇయ్యి. నేను చాటుగా అరగదీసి, ఆ గిన్నెలోది పారబోసి ఇది పెడతాను. ఎవరికీ తెలవదు.”

మౌలా ఆమెను చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

“ముక్క ఇస్తాను. ఉండాది. అయితే అక్కా, ఇన్ని దినాలు రంగు తాగిన బిడ్డకు చెక్క ఏం చేస్తాది? ఇప్పుడు కావాల్సింది డాక్టరు. ఈ ముక్క తీసకపోతే మీ కోడలు ఇంకో రెండు రోజులు ఇంట్లోనే కూచుంటాది.”

అది నిజం. ఆ పిల్లను ఆస్పత్రికి కదిలించగలిగింది ఒక్కటే ఉంది, ఆ బొమ్మ మీద నమ్మకం పోవడం. ఆ నమ్మకం పోవాలంటే ఎవరు నోరు తెరవాలో మగ్దలీనమ్మకు తెలుసు. కొడుకు ముఖం గుర్తొచ్చింది. ఒక్కగానొక్క కొడుకు. ఈ మాట విన్నాక వాడు తనను అమ్మా అని పిలుస్తాడా?

“నేనే చెప్తాలే,” అంది. చెప్పగలనో లేదో ఆమెకే తెలియదు.

*

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో సమాధానం చెప్పులు ఉన్నాయి. శనివారం గదా, గూడూరు నుంచి వచ్చేశాడు. చెమటచొక్కా కూడా విప్పకుండా బిడ్డ పక్కన కూర్చుని ఉన్నాడు.

“అమా, ఏందిమా వీడు ఇట్టైపోయినాడు? నాకు కబురన్నా పంపలేదే?”

“ఆస్పత్రికి తీసకపో నాయనా.”

“అదే చెప్తా ఉండాను దీనికి.”

“మీరు కూడానా?” జయశీల బిడ్డను దగ్గరికి పొదువుకుంది. “పుష్పప్పుడు కూడా మీరిద్దరూ ఒక మాటమింద ఉండారు. ఇప్పుడు నా మాట వినండి. ఇది అసలైన చెక్క. కాస్త ఆలస్యంగానైనా పనిచేస్తాది. ఒక్క రేపటిదాకా ఆగండి.”

సమాధానం బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. అరిగిన పాదాన్ని బొటనవేలితో నిమిరాడు. అతను కొన్న వస్తువుల్లో ఇంత ఖరీదైనది ఇంకొకటి లేదు. పెళ్ళాం ఏడుపు మాన్పించిన వస్తువు కూడా ఇదొక్కటే.

“సరేలే. అంత పెట్టి కొన్నది ఊరికే పోదు. రేపటిదాకా చూద్దాం మా,” అన్నాడు తల్లితో.

హెబ్రోను మళ్ళీ కక్కాడు. ఈసారి పాలు లేవు. ఎర్రటి చారలు మాత్రమే వచ్చాయి. జయశీల వాటిని కొంగుతో తుడిచింది.

“అది ఎర్రచందనం కాదు,” అంది మగ్దలీనమ్మ.

వాళ్ళకు వినపడలేదో, విన్నా ఎక్కలేదో. ఇంకోసారి అంది. “అది ఎర్రచందనం కాదు నాయనా. రంగేసిన కొయ్య.”

జయశీల మొగుడివైపు తిరిగింది. “చూస్తిరా? ఆస్పత్రికి లాక్కపోయేదానికి మీ అమ్మ అబద్ధాలకు కూడా దిగింది.”

“అమా,” సమాధానం విసుక్కున్నాడు. “ఇదా ఇట్టాంటి మాటలు మాట్లాడే టైము?”

ఇన్నాళ్ళూ అబద్ధం చెబితే నమ్మిన వాళ్ళు, నిజం చెబితే అబద్ధమంటున్నారు. మగ్దలీనమ్మ ఇంక వాదించలేదు. దొడ్లోకి వెళ్ళి నీళ్ళ బక్కెట్టు తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది.

“జయశీలా, మీ అమ్మ బొమ్మను నీళ్ళల్లో వేస్తే ఏమయ్యేది?”

“మునిగేది. తొట్టి అడుక్కు పోతే చెయ్యి పెట్టి తీసుకునేవాళ్ళం.” జయశీల ఆగింది. “ఎందుకు?”

“వెయ్యి.”

జయశీల కదల్లేదు. సమాధానమే తన చేతిలోని బొమ్మను బక్కెట్లోకి వదిలాడు. అది ఒక్కసారి లోపలికి పోయి పైకి వచ్చింది. వెల్లకిలా తిరిగి నీళ్ళమీద ఆడుతూ ఉండిపోయింది. దాని చుట్టూ నీళ్ళు మెల్లగా గులాబిరంగుకు తిరిగాయి.

జయశీల దాన్ని వేలితో కిందికి నొక్కింది. వేలు తీయగానే మళ్ళీ తేలింది. ఇంకోసారి నొక్కింది. ఇంకోసారి.

“చేతికి తేలిగ్గా ఉందని మొదటిరోజే అనుకున్నాను,” అంది తనలో తాను చెప్పుకుంటున్నట్టు. “చిన్నప్పుడు చేతులు చిన్నవి గదా, అప్పుడు బరువనిపించిందేమోలే అనుకున్నాను.”

సమాధానం లేచాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. “మౌలా గాడు మోసం చేసినాడా? మా ముసిల్దాని చేతిలో రంగు కొయ్య పెడతాడా? వాణ్ణి ఈ రోజు వదిలేది లేదు.”

ఎంత సులువుగా దారి దొరికింది. ఒక్క ‘ఊ’ అంటే చాలు. కొడుకు మౌలా మీదికి పోతాడు, కోడలు బిడ్డను తీసుకుని ఆస్పత్రికి పోతుంది, తల్లి తల్లిగానే మిగిలిపోతుంది. మగ్దలీనమ్మ నాలుక చివరిదాకా వచ్చింది ఆ ‘ఊ’. వాకిట్లో తుండుగుడ్డ భుజాన వేసుకుని లేచి నిలబడ్డ మనిషి కళ్ళకు కట్టాడు.

“మౌలాను ఏమనబాక. ఆయన చెప్పే ఇచ్చినాడు. బిడ్డ నోట్లో పెట్టొద్దని కూడా చెప్పినాడు. చవకని నేనే ఇది తెచ్చినాను.”

సమాధానం బక్కెట్లో తేలుతున్న బొమ్మవైపు చూశాడు.

“మిగిలిన డబ్బులు ఏమైనాయి?” సమాధానం గొంతు మామూలుగానే ఉంది. అదే ఆమెను భయపెట్టింది.

“కోతపండగ గుమ్మడికాయ.”

“అది అయ్యగారు ఇచ్చినారన్నావే?”

“అన్నాను.”

“ఆ పులుసు నేను కూడా తిన్నాను,” అంది జయశీల. “పాలు పడతాయి తినమని మీరే రెండోసారి వేసినారు.”

మగ్దలీనమ్మ కొడుకు అరుస్తాడనుకుంది. కొడతాడేమో అని కూడా అనుకుంది, కొడితే బాగుండుననీ అనుకుంది. సమాధానం గోడకు జారగిలబడి, చొక్కా అంచు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. తండ్రి పోయిన రోజున కూడా వాడు అలా ఏడవలేదు.

జయశీల ఏడవలేదు. తడిగుడ్డతో బిడ్డ నోరు తుడిచింది. చెవి కింద పట్టు కడిగేసింది. నాలుకమీద ఎరుపు పోలేదు. గుడ్డ చివర వేలికి చుట్టుకుని నాలుక కూడా తుడిచింది. ఎంతకూ పోలేదు.

“ఏడిస్తే ఏమొస్తాది? రమణయ్య బండి కట్టించండి,” అంది మొగుడితో. “నెల్లూరు బస్సు అందుకోవాల.”

*

బండి వాకిట్లోకి వచ్చింది. జయశీల బిడ్డను పొదివి పట్టుకుని ముందు కూర్చుంది. సమాధానం పక్కన ఎక్కాడు. మగ్దలీనమ్మ చక్రం దగ్గర నిలబడింది.

“నువ్వు ఇంటికాడే ఉండు,” అన్నాడు కొడుకు, ఆమెవైపు చూడకుండా. అమ్మా అన్న మాట అందులో లేదు.

“రానీండి,” అంది జయశీల. “లోపలికి ఏం పోయిందని డాక్టరు అడిగితే చెప్పాల గదా. మనకేం తెలుసు?”

మగ్దలీనమ్మ వెనకవైపు ఎక్కింది. ఎవరూ జరగలేదు. ఉన్న కాస్త చోటులో కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చుంది. రమణయ్య ఎద్దును అదిలించాడు. ఇళ్ళు దాటాయి, గుడి దాటింది, వరిమళ్ళ మధ్య బాట మొదలైంది. సముద్రంగాలి చల్లగా తగులుతోంది. బిడ్డకు తగలకుండా జయశీల పైట కప్పింది. హెబ్రోను మూలగడం కూడా మానేశాడు. వాడు మూలిగినా బాగుండునని ముగ్గురూ చెవి ఒగ్గి ఉన్నారు.

మగ్దలీనమ్మ ప్రార్థన చేసుకోవాలని చూసింది. ఎన్నడూ తడుముకోని మాటలు ఆ రోజు ఒక్కటీ రాలేదు. నా ఆయుష్షు తీసి వాడికి పొయ్యి అని మాత్రం అనుకుంది. అనుకున్నాక, ఇందులో కూడా బేరమే గదా అనిపించి సిగ్గుపడింది.

“అత్తా,” అంది జయశీల.

ఆ పిలుపుకు మగ్దలీనమ్మ ప్రాణం లేచి వచ్చింది. “ఏమ్మా?”

“పుష్పకు డాక్టరు సూదిమందు రాసిచ్చినాడు గదా, బజారులో కొనక రమ్మని. పోయి తెచ్చింది మీరు.”

“అవునమ్మా.”

“ఆయన రాసిందే తెచ్చినారా?”

సమాధానం తల తిప్పి భార్యను చూశాడు. తర్వాత తల్లిని చూశాడు. వద్దని వారించలేదు. అతనికీ జవాబు కావలసి వచ్చింది.

మగ్దలీనమ్మ రాసిందే తెచ్చింది. మొదటి అంగట్లో లేదంటే ఇంకో అంగటికి ఉరికింది. చేతిలో ఉన్నది చాలకపోతే చెవుల కమ్మలు తీసి అంగడివాడి ముందు పెట్టింది. ఆ రోజు ఖరీదు అన్న మాటే ఆమెకు గుర్తు రాలేదు. కమ్మలు ఏమయ్యాయని తర్వాత ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. బిడ్డే పోయాక కమ్మల మాట ఎందుకని ఊరుకుంది.

“రాసిందే తెచ్చినాను తల్లీ,” అంది. “నా కమ్మలు ఇచ్చి తెచ్చినాను. ప్రభువు సాక్షి.”

జయశీల తల ఊపింది. కోపం లేదు ఆమె ముఖంలో. పైట తొలగించి బిడ్డ నుదుటిమీద చెయ్యి పెట్టి చూసుకుంది.

“బొమ్మ తెచ్చిన రోజు కూడా ఈ మాటే అన్నారత్తా.”

మగ్దలీనమ్మకు అంతకంటే పెద్ద ఒట్టు తెలియదు.